సంఘం ఉన్నచోటే పసిబిడ్డకు రక్షణ: మాదరి భాగ్యరెడ్డి వర్మ జీవితం

కూలిరేటు అడగడం, భూమి అడగడం, ఇంటి జాగా అడగడం సంఘం పని. పిల్లవాడు బడికి పోతున్నాడా, ఆడపిల్లకు ఈడు రాకముందే పెళ్లి చేస్తున్నారా, ఇటుకబట్టీలో పసివాళ్ల చేత పని చేయిస్తున్నారా అని చూడడం సంఘసేవ చేసేవాళ్ల పని. మన కార్యకర్తల్లో కొందరు పనిని ఇట్లా రెండు వాటాలు చేసి మాట్లాడుతూ ఉంటారు. మేడిపల్లి, ఉప్పల్, నాచారం వైపు కూలి జనంలో తిరిగే మాకు ఈ మాట తరచుగా వినబడుతుంది. ఈ పంపకం తప్పని మా అభిప్రాయం. ఎందుకు తప్పో వాదన పెట్టుకొని చెప్పడం కన్నా, ఒక మనిషి జీవితం చెప్పుకుంటే బాగా అర్థమవుతుంది.

మేడిపల్లి నుంచి వరంగల్ రోడ్డు పట్టుకొని ఉప్పల్, రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా పట్నంలోకి పోతే చాదర్‌ఘాట్ వస్తుంది. ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. ఆ చాదర్‌ఘాట్, ఇసామియా బజార్ ప్రాంతం కేంద్రంగా ముప్పయ్యేళ్ల పాటు అంటరాని జనాన్ని కూడగట్టిన మనిషి మాదరి భాగ్యరెడ్డి వర్మ. పేరు చాలామందికి తెలుసు. జయంతి నాడు పటానికి దండ వేస్తారు. చేసిన పనేమిటో, ఎట్లా చేశాడో మాత్రం తక్కువ మందికి తెలుసు.

వాడలో పుట్టిన పేరు

భాగ్యరెడ్డి 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. రెడ్డి అన్నది పుట్టుకతో వచ్చింది కాదు. ఆ ఇంటికి వచ్చే శైవ గురువు, మీవాళ్లు ఒకప్పుడు ఈ నేలను ఏలిన రేడులు కనుక పేరు చివర రెడ్డి ఉండాలని మార్చాడట. వర్మ అన్నది తర్వాత 1913లో ఆర్యసమాజం వాళ్లు ఇచ్చిన బిరుదు. ఈ రోజు మనకు ఇదంతా వింతగా తోచవచ్చు. కాని ఆ కాలం సంగతి గుర్తుంచుకోవాలి. మాల మాదిగ వాడల్లో మనిషిని పూర్తి పేరుతో పిలవడమే లేదు. పెద్దవాడైనా సరే, పేరు తుంచి, చివర గా తగిలించి పిలిచేవాళ్లు. అటువంటి చోట నిండు పేరు పెట్టుకొని తలెత్తి నడవడమే ఒక తిరుగుబాటు.

చిన్న వయసులోనే ఆయన పనిలో పడ్డారు. సికింద్రాబాదులో డోస్ శాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లో ఉంటూనే చదువు మీద, పత్రికల మీద, లోకం సంగతుల మీద దృష్టి పెట్టారు. పరాయి ఇంట్లో ఊడిగం చేసే పిల్లవాడి బతుకు ఎట్లా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. తర్వాత ఆయన చేసిన పనిలో పిల్లల సంగతి ఎందుకు ముందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ విషయం మరువరాదు.

కథ చెప్పి జనాన్ని కూడగట్టి

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన జగన్మిత్ర మండలి పెట్టారు. చదువు రాని జనానికి కరపత్రం ఇస్తే ఏం లాభం? అందుకని హరికథ పెట్టారు. పొద్దంతా పని చేసి వచ్చిన జనం రాత్రిపూట కథ వినడానికి వాడ నడుమ కూచునేవాళ్లు. కథలోనే తాగుడు సంగతి, బాల్య వివాహాల సంగతి, చదువు సంగతి, అంటరానితనం సంగతి కలిపి చెప్పేవాళ్లు. మన సంఘాలు ఆ తర్వాత బుర్రకథను, గొల్లసుద్దులను ఎట్లా వాడుకున్నాయో, అంతకు ముందే ఆయన హరికథను అట్లా వాడుకున్నారు.

1911లో ఆ మండలి మన్య సంఘంగా మారింది. 1920ల మొదట్లో ఆది హిందూ సాంఘిక సేవా సమితి అయింది. పేర్లు మారినా పని తీరు ఒక్కటే. వాడవాడకూ పోవడం, పెద్దమనుషులను కూచోబెట్టి మాట్లాడడం, యువకులను చేరదీయడం, చేయదలచిన పనికి వాడలోనే మనుషులను నిలబెట్టడం. పట్నంలో ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా వచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే ఆయన సేవాదళం రోగులకు సాయపడింది, దిక్కులేని శవాలను సాగనంపింది. కష్టకాలంలో ఇంటి ముందు నిలబడ్డ సంఘం మాటనే జనం మంచికాలంలో వింటారు. ఇది మన యూనియన్లకు కూడా వర్తించే సంగతే.

బడి పెట్టడం చిన్న పని కాదు

1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో ఆయన పిల్లలకు బడులు మొదలుపెట్టారు. అప్పటి నిజాం రాజ్యంలో మాల మాదిగ పిల్లవాడికి బడి గడప తొక్కే వీలు లేదు. ఎక్కడన్నా చేర్చుకున్నా బయట కూచోబెట్టడమే. తండ్రికి వచ్చే నాలుగు డబ్బులు చాలక పిల్లవాడిని పనికి పెట్టడం ఇంటింటా ఉన్నదే.

ఇట్లాంటి చోట బడి నడవాలంటే పలక బలపం ఇస్తే సరిపోదు. తల్లిదండ్రులను ఒప్పించాలి. పనిలో ఉన్న పిల్లవాడిని విడిపించాలి. రేపు మళ్లీ పనికి పంపకుండా వాడ కనిపెట్టుకొని ఉండాలి. పంతులు జీతానికి చందాలు పోగుచెయ్యాలి. అంటే బడి వెనక సంఘం ఉండాలి. పైగా 1920లలో నిజాం సర్కారు ప్రైవేటు బడుల మీద ఆంక్షలు పెట్టింది. బడి పెట్టాలన్నా అనుమతి, సభ పెట్టాలన్నా అనుమతి. అయినా ఆయన బడులు మూతపడలేదు. 1930ల మొదటికి అవి 26 అయ్యాయి. వాటిలో సుమారు రెండున్నర వేల మంది పిల్లలు చదువుకున్నారు. ఆ తర్వాత సర్కారే వాటిని తన చేతికి తీసుకొని నడపవలసి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన బడులను సొంత ఆస్తిలాగా పట్టుకొని కూచోలేదు. ముందు జనం బలంతో బడి నడిపి చూపించారు. పిల్లలు వస్తారని, చదువుతారని రుజువు చేశారు. తర్వాత ఆ బరువు మోయవలసింది సర్కారేనని దాని నెత్తిన పెట్టారు. దానధర్మానికీ ఉద్యమానికీ ఉన్న తేడా ఇదే. దానం చేసేవాడు పదిమందికి పెట్టి ఊరుకుంటాడు. ఉద్యమం పదిమందికి చేసి చూపించి, అందరికీ ఇది హక్కు అని నిలదీస్తుంది.

దేవుని పేర వదిలిన ఆడపిల్ల

పిల్లల రక్షణ విషయంలో ఆయన పట్టిన అన్నింటికంటే కష్టమైన పని జోగిని ఆచారం మీద పోరు. మన జిల్లాల్లో కూలి జనానికి దీని సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మాల మాదిగ ఇంట్లో అయిదేళ్లో ఎనిమిదేళ్లో ఉన్న పిల్లను ఎల్లమ్మ పేరనో పోచమ్మ పేరనో వదిలిపెట్టేవాళ్లు. ఊళ్లో పశువులు చచ్చినా, రోగం వచ్చినా, వానలు లేకపోయినా అమ్మవారు పిల్లను అడుగుతున్నదని చెప్పేవాళ్లు. పిల్ల ఈడుకు వచ్చాక దేవుడు కనబడడు, ఊరి పెత్తందారు కనబడతాడు. జాతర్లలో, శవాల ముందు ఆడవలసింది ఆమె. ఆమెకు పుట్టిన పిల్లలకు తండ్రి పేరుండదు. ఆ పిల్లల్లో ఆడపిల్ల ఉంటే మళ్లీ అదే బాట. పేరుకు భక్తి, జరిగేది పేదింటి ఆడపిల్లను పెద్దింటివాళ్ల వశం చేయడం.

భాగ్యరెడ్డి దీన్ని రెండు వైపుల నుంచి పట్టుకున్నారు. ఒకటి, పెత్తందార్ల లాభమే దీనికి మూలమని బయటపెట్టడం. రెండు, సొంత వాడలోనే పిల్లను వదిలే తల్లిదండ్రులతో, వదలమని చెప్పే కులపెద్దలతో కొట్లాడడం. రెండోదే ఎక్కువ కష్టం. దొరను తిడితే వాడంతా మన వెంట ఉంటుంది. వాడ పెద్దను, పక్కింటి అన్నను, సొంత మేనమామను తప్పుపడితే మనమే ఒంటరివాళ్లమవుతాం. ఆయన ఆ ఒంటరితనానికి వెరవలేదు. కులపంచాయతీలను సంస్కరించి, తగవులు తాగుడుతో, జుర్మానాలతో కాక న్యాయంగా తీరే పద్ధతి తేవాలని పూనుకున్నారు. బాల్య వివాహాలు వద్దని, పెళ్లి పేర అప్పులపాలు కావద్దని ఊరూరా చెప్పారు. జీవితకాలంలో ఆయన మూడు వేలకు పైగా ఉపన్యాసాలు ఇచ్చారని లెక్క చెబుతారు. వాటిలో ఎక్కువ భాగం సొంత జనాన్ని మార్చడానికి చేసినవే.

బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలకు వ్యతిరేకంగా శారదా చట్టం 1929లో వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ ఆచారాన్ని నిషేధించిన చట్టం 1947లో వచ్చింది. తెలంగాణకూ వర్తించేటట్టు ఆంధ్రప్రదేశ్‌లో జోగిని, దేవదాసీ నిషేధ చట్టం 1988లో వచ్చింది. అప్పటికి భాగ్యరెడ్డి చనిపోయి 49 ఏళ్లు. ఆ చట్టం కూడా దానంతట అది రాలేదు. 1980లలో నిజామాబాదు జిల్లాలో హేమలతా లవణం వంటివాళ్లు జోగినుల మధ్య ఉండి పనిచేశారు. దళిత, మహిళా, కూలి సంఘాలు గొంతెత్తాయి. చట్టం వచ్చాక కూడా పిల్లను కాపాడింది కాగితం కాదు, ఊళ్లో ఆ పిల్ల తరఫున నిలబడ్డ మనుషులే.

మేము మొదటివాళ్లమన్న మాట

1917లో బెజవాడలో జరిగిన మహాసభకు ఆయనను అధ్యక్షుడిగా పిలిచారు. దాన్ని పంచమ మహాసభ అన్నారు. అధ్యక్షుడే లేచి, పంచములు అనే మాట మనకొద్దన్నారు. ఈ నేలకు మొదటి నుంచి ఉన్నవాళ్లం కనుక ఆది ఆంధ్రులమన్నారు. సభ ఆ పేరే తీసుకున్నది. హైదరాబాదు రాజ్యంలో ఆది హిందువులు అనే పేరును 1931 జనాభా లెక్కల్లో సర్కారు ఒప్పుకోవలసి వచ్చింది. 1925లో ఆయన ఆది హిందువుల చేతి పనుల ప్రదర్శన ఏర్పాటు చేశారు. తోలు పని, చేతి పని చేసేవాళ్లను లోకం చిన్నచూపు చూస్తుంటే, ఆ చేతులు చేసిన వస్తువులను వరుసగా పెట్టి చూపించడం అప్పట్లో చిన్న సంగతి కాదు. శ్రమకు గౌరవం అడిగే ఈ పనిలో మన కార్మికోద్యమం వాసన ఉన్నది. 1930లో లక్నోలో జరిగిన ఆది హిందూ మహాసభలో పాల్గొని, రౌండ్ టేబుల్ సమావేశంలో మన జనం తరఫున మాట్లాడవలసింది డాక్టర్ అంబేద్కరేనని బలపరిచినవాళ్లలో ఆయన ఒకరు. 1931లో భాగ్యనగర్ అనే పత్రిక పెట్టారు. 1939 ఫిబ్రవరి 18న, యాభై ఒకటో ఏట కన్నుమూశారు.

ఆయన చేతికి అందని పల్లె

మహనీయుల కథ చెప్పేటప్పుడు వాళ్ల పరిమితులు కూడా చెప్పుకోవాలి. లేకపోతే అది పాఠం కాదు, భజన అవుతుంది.

భాగ్యరెడ్డి పని పట్నం చుట్టూ సాగింది. పట్నం దాటితే జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌లు, పటేల్ పట్వారీల రాజ్యం. అక్కడ వెట్టి ఉన్నది, భగేలా ఉన్నది. భగేలా అంటే ఏమిటి? తండ్రి పెళ్లికో చావుకో దొర దగ్గర అప్పు తెస్తాడు. వడ్డీ కింద జీతం ఉంటాడు. అప్పు తీరదు. కొడుకు ఎనిమిదేళ్లవాడు పశువుల వెంట పోతాడు. తండ్రి పోయాక ఆ అప్పు కొడుకు నెత్తిన పడుతుంది. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద ఒక నిబంధన చేసింది గాని, పల్లెల్లో దాన్ని లెక్కచేసిన దొర అరుదు. పల్లెలో ఆ పిల్లవాడి చుట్టూ బిగిసిన సంకెళ్లు అప్పు, భూమి, వెట్టి. వాటిని బడి ఒక్కటే తెంచలేదు. ఆ పని తర్వాత ఆంధ్ర మహాసభ, రైతు కూలీల పోరాటం చేతుల్లో పెట్టుకున్నాయి. పట్నంలో మఖ్దూం మొహియుద్దీన్ వంటివాళ్లు 1946 నాటికి కార్మిక సంఘాలను ఒక గొడుగు కిందికి తెచ్చారు. ఇంకొక పరిమితి కూడా ఉన్నది. మాల మాదిగల మధ్య ఎడం ఆయన కాలంలో పూడలేదు. మాదిగలు తమ సంఘం తాము పెట్టుకున్నారు. ఆ ఎడం ఈనాటికీ పెత్తందార్లకు పనికొస్తూనే ఉన్నది.

అయితే ఈ లెక్కను తిరగేసి కూడా చూడాలి. కూలి, భూమి పోరాటాలు గొప్పగా సాగిన ఊళ్లలో కూడా ఆడపిల్లను జోగినిగా వదలడం ఆగిందా? పిల్లవాడి జీతం ఆగిందా? చాలా చోట్ల ఆగలేదు. అంటే ఒక్క చేత్తో చప్పట్లు మోగవు. భాగ్యరెడ్డి వాడలోపల చేసిన పని, తర్వాతివాళ్లు దొర గడీ ముందు చేసిన పని, రెండూ కలిస్తేనే బిడ్డ దక్కుతుంది.

మన చుట్టుపక్కల ఇప్పుడు

ఉప్పల్ చుట్టూ ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవి, వరి పండేది. తర్వాత నాచారం, ఉప్పల్, మల్లాపూర్‌లలో ఫ్యాక్టరీలు వచ్చాయి. మేడిపల్లి వైపు పొలాలు ప్లాట్లయ్యాయి. వ్యవసాయ కూలి భవన నిర్మాణ కూలి అయ్యాడు. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు పట్నం చుట్టూ ఉన్న ఇటుకబట్టీల్లో, కట్టడాల దగ్గర గుడిసెలు వేసుకొని బతుకుతున్నాయి.

బట్టీ పని ఎట్లా ఉంటుందో చూడండి. ముందే పేష్గీ ఇస్తారు. కూలి రోజుకు కాదు, వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. కనుక ఇంటిల్లిపాదీ చెయ్యి వేస్తే గాని అప్పు తెగదు. ఆరేళ్ల పిల్ల ఆరుతున్న ఇటుకను తిరగేస్తుంది. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరుండదు. కనుక అక్కడ పిల్లల చేత పని చేయించడం లేదని యజమాని ధైర్యంగా చెబుతాడు. పేరు మారిన భగేలా కాక ఇది మరేమిటి? పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగు పనికి ఆడపిల్లలను అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయే పద్ధతి కూడా ఇదే జాతికి చెందింది.

కూలిరేటుకూ పిల్లల పనికీ ఉన్న ముడి ఇక్కడే ఉన్నది. సగం కూలికి పిల్ల దొరికితే పెద్దవాళ్లకు నిండు కూలి ఎవడిస్తాడు? పెద్దవాళ్లకు నిండు కూలి రాకపోతే పిల్లను పనికి పంపక ఏం చేస్తారు? ఇది గానుగెద్దు తిరిగినట్టు తిరుగుతూనే ఉంటుంది. ఒక చోట తెంచాలి. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ పిల్లలను పని మాన్పించి బడుల్లో చేర్పించే పని చేసినప్పుడు, పేదవాళ్లకు చదువు మీద ఆశ లేదన్న మాట అబద్ధమని తేలిపోయింది. ఆశ ఉన్నది. లేనిది తోడు. భాగ్యరెడ్డి 1910లో రుజువు చేసిన సంగతే ఎనభై ఏళ్లకు మళ్లీ రుజువైంది.

సంఘం చేయవలసిన పని

చట్టాలు లేకపోలేదు. వెట్టిచాకిరీ నిషేధ చట్టం 1976లో వచ్చింది. బాలకార్మిక చట్టం 1986లో వచ్చింది. 2016 సవరణతో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదన్నారు. కాని బడి వేళల తర్వాత కుటుంబ పనిలో సాయపడవచ్చునని ఒక సందు వదిలారు. పేదింటి పిల్లలు జారిపోయేది ఆ సందులోనుంచే. బాల్య వివాహాల చట్టం 2006లో, విద్యాహక్కు చట్టం 2009లో వచ్చాయి. యాభై మందికి మించి ఆడకూలీలు పనిచేసే కట్టడాల దగ్గర పసిపిల్లలకు గది ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. అయిదుగురు పసివాళ్లుంటే వాళ్లను చూసుకోవడానికి ఒక కూలీని పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. చట్టాల పేర్లు మారుతూ ఉంటాయి, ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. డిమాండును మాత్రం మనం వదలరాదు.

కనుక మేము చెప్పేది ఇది. కూలిరేటు కోసం రాసే ప్రతి డిమాండు పత్రంలో పిల్లల డిమాండు కూడా ఉండాలి. పని చోట పసిపిల్లలకు నీడ, నీళ్లు, చూసే మనిషి కావాలని రాయాలి. వలస వచ్చిన పిల్లల పేర్లు, వాళ్ల భాష ఏదైనా సరే, దగ్గర బడిలో, అంగన్‌వాడీలో రాయించాలి. కాంట్రాక్టరు తెచ్చిన కూలీల లెక్క అడిగేటప్పుడు పిల్లల లెక్క కూడా అడగాలి. ఆపదలో ఉన్న పిల్ల కనబడితే 1098కి ఫోను చేయాలి. ఫోను చేసి ఊరుకోకుండా, అధికారి వచ్చేదాకా అక్కడే ఉండాలి. తల్లిదండ్రులను నేరస్తులను చూసినట్టు చూడరాదు. వాళ్ల మెడ మీద ఉన్న అప్పు కాడిని చూడాలి. అదే సమయంలో, మన సంఘం సభ్యుడే పదిహేనేళ్ల కూతురికి లగ్గం పెట్టుకుంటే, మనవాడే గదా అని కళ్లు మూసుకోరాదు. దొర ముందు నిలబడే ధైర్యం మనకు ఉన్నది. మనవాడి ముందు నిలబడే ధైర్యం కూడా కావాలి. భాగ్యరెడ్డి దగ్గర నేర్చుకోవలసింది ముఖ్యంగా ఇదే.

పటానికి దండ వేయడం సులువు. మే 22 నాటికి ప్రతి సంఘం శాఖ తన వాడలో బడి మానిన పిల్లల పేర్ల జాబితా ఒకటి రాసి, జూన్‌లో బడి తెరిచేనాటికి ఎంతమందిని చేర్పించామో లెక్క చెప్పుకుంటే, అంతకు మించిన జయంతి లేదు.